గుర్రానికి పొగరు ఉండదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మీ పత్రిక సిటీ పేజీలో ఒక వార్త చదివాను. బరాత్‌లో పెళ్లికొడుకు ఎక్కిన తెల్ల గుర్రం ఉన్నట్టుండి ముందుకాళ్లు పైకి లేపి, జనం మధ్యలోంచి మెయిన్ రోడ్డు మీదికి పరుగెత్తింది. పెళ్లికొడుకు మోచేయి విరిగింది. ఆపి ఉన్న రెండు బైకులు పడిపోయాయి. గుర్రాన్ని పట్టుకుని నడుస్తున్న సైసు కుర్రాణ్ని జనం కొట్టారు. వార్త పది లైన్లే. హెడ్డింగ్ మాత్రం పెద్ద అక్షరాల్లో పెట్టారు: ‘పొగరెక్కిన గుర్రం బీభత్సం’.

ఆ ‘పొగరు’ అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. పేపర్ మడిచి పక్కన పెట్టినా అది నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, మన్నించండి. నాకు తెలిసిన విషయం ఇదొక్కటే, దీన్ని సగం చెప్పి ఊరుకోలేను.

నేను మలక్‌పేట రేసుకోర్సులో 34 ఏళ్లు రైడింగ్ బాయ్‌గా పనిచేశాను. మా పనిలో తల నెరిసినా బాయ్ అనే పిలుస్తారు. జాకీ వేరు, మేము వేరు. రేసు రోజున రంగుల చొక్కా వేసుకుని గుర్రమెక్కేది జాకీ. ఆ రోజు వచ్చేదాకా నెలల తరబడి చీకటితోనే లేచి ఆ గుర్రాన్ని తిప్పేది మేము. మా నాయిన సైసు, అంటే గుర్రాల బాగోగులు చూసేవాడు. నేను 1978లో, పదహారేళ్లప్పుడు ఆయన వెంట లాయానికి వెళ్లాను. మొదట పేడ ఎత్తాను, తర్వాత ఖరారాతో, అంటే ఇనుప దువ్వెనతో, ఒళ్లు రుద్దడం నేర్చుకున్నాను, రెండేళ్లకు జీను మీద కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఎక్కువకాలం నాకు అప్పజెప్పిన పని ఒకటే. కొత్తగా వచ్చిన గుర్రప్పిల్లలను, ఎవరినీ ఎక్కనివ్వని గుర్రాలను దారికి తేవడం.

ఆ పనిని రేసుకోర్సులో ‘బ్రేకింగ్’ అంటారు. ‘ఈ కోల్టును బ్రేకింగ్‌కు ఇచ్చారు’ అంటారు. కోల్టు అంటే చిన్న వయసు మగ గుర్రం. ఇన్నేళ్లు ఆ మాట నేనూ వాడాను కానీ ఎప్పుడూ నచ్చలేదు. అందులో విరగ్గొట్టడానికి ఏముంది? ఏదైనా విరిగితే అది మా ఎముకే. నా కాలర్ బోన్ రెండుసార్లు విరిగింది.

రేసు గుర్రాలు పుణె వైపు నుంచి, పంజాబ్ నుంచి, అక్కడ గుర్రాలను పెంచే స్టడ్ ఫారాల నుంచి వస్తాయి. ఏ నెలలో పుట్టినా రేసు లెక్కలో వాటన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు. ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో ఫ్లోట్‌లో, అంటే గుర్రాలను తీసుకెళ్లే లారీలో, ఎక్కించి పంపిస్తారు. ఒక్కసారి ఊహించండి. అప్పటిదాకా తోటి పిల్లలతో పచ్చిక మీద తిరిగిన జంతువును చీకటి డబ్బాలాంటి బండిలో నిలబెట్టి, రెండు మూడు రోజులు రోడ్డు మీద కుదిపి, ఊరుకాని ఊళ్లో దించుతారు. దిగగానే ఎవరో కొత్త మనిషి తాడు పట్టుకుని లాగుతాడు. అప్పుడది తన్నితే ‘బద్మాష్ గుర్రం’ అని పేరు పెడతారు. ఆ పేరు ఇక పోదు.

1984లో మా దగ్గరికి నల్ల కోల్టు ఒకడు వచ్చాడు. మేం నల్లోడు అనేవాళ్లం. దిగిన రోజే ఒక సైసు పక్కటెముకలు విరిగాయి. ఇద్దరు బాయ్‌లు ఎక్కబోయి పడ్డారు. గుర్రం ఉండే గదిని మేం బాక్సు అంటాం. ఒకడు మళ్లీ ఆ బాక్సు వైపు రాను అన్నాడు. యజమాని అమ్మేద్దామన్నాడు. మా ట్రైనర్ గారు ఆఖరి ప్రయత్నంగా ఉస్తాద్‌ను పిలిచారు. ఉస్తాద్ అప్పటికే యాభై దాటిన మనిషి, మా నాయినకు దోస్తు. ఆయన దగ్గర హెల్పర్‌గా నన్ను పెట్టారు.

మొదటి వారం ఉస్తాద్ నల్లోణ్ని ముట్టుకోలేదు. పొద్దున ట్రాక్ పని అయ్యాక బాక్సులోకి వెళ్లి, బకెట్టు బోర్లించుకుని, వాడికి సగం వీపు పెట్టి కూర్చునేవాడు. చేతిలో తెగిపోయిన తోలు పట్టీలు, ఒక ఆరె. వాటిని కుట్టుకుంటూ గంటన్నర, రెండు గంటలు. వాడి వంక చూసేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. నాకేమో చిరాగ్గా ఉండేది. బయట మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఉస్తాద్ నాతో ఒక్క మాట అన్నాడు: “బేటా, మొహం చూడకు. చెవులు చూడు.”

అప్పటినుంచి చెవులు చూడటం మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులు రెండు చెవులూ వెనక్కి అంటుకుపోయి ఉన్నాయి. మూడో రోజో నాలుగో రోజో ఒక చెవి ఉస్తాద్ వైపు తిరిగింది, రెండోది తలుపు వైపే. తోలులో ఆరె దిగినప్పుడల్లా ఆ ఒక్క చెవి కదిలేది. తొమ్మిదో రోజున వాడు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి ఉస్తాద్ మెడ మీద ఊపిరి వదిలాడు. ఆయన కదల్లేదు. తోలు కుడుతూనే ఉన్నాడు.

ఇంకొన్ని రోజులకు మధ్యాహ్నం నేను గడ్డి తీసుకుని వెళ్లేసరికి ఉస్తాద్ బాక్సు బయటికి వచ్చి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. లోపలికి తొంగిచూస్తే నల్లోడు గడ్డి మీద పడుకుని ఉన్నాడు. గుర్రం నిలబడే కునుకు తీయగలదు. నేల మీద పడుకుందంటే ఇక్కడ నాకేమీ కాదు అని అనుకుంటేనే. వచ్చిన రోజు నుంచి వాడు మా కళ్ల ముందు పడుకోవడం అదే మొదలు. ఉస్తాద్ మొహంలో ఆ రోజు చూసిన సంతోషం, తర్వాత వాడు రేసు గెలిచినప్పుడు కూడా నేను చూడలేదు.

అంతటితో అయిపోలేదు. అసలు చిక్కు తంగు దగ్గర వచ్చింది. తంగు అంటే జీనును గుర్రం పొట్ట కింది నుంచి బిగించే పటకా. వీపు మీద గోనెసంచి వేస్తే ఊరుకున్నాడు. దుప్పటి వేస్తే ఊరుకున్నాడు. తంగు బిగించగానే వాడికి పిచ్చి పట్టినట్టయ్యేది. గోడకు గుద్దుకునేవాడు, కింద పడి దొర్లేవాడు. అందరూ ‘చూశావా, బద్మాషీ పోలేదు’ అన్నారు. ఉస్తాద్ తంగు తీసేసి, ముందుకాలి వెనక, మోచేతి దగ్గర వేళ్లతో నెమ్మదిగా తడిమి చూశాడు. నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టాడు. వెంట్రుకల కింద వేలి మందాన గట్టిపడిన మచ్చ. తాడు కోసిన మచ్చ అది. మా దగ్గరికి రాకముందు ఎక్కడో, ఎప్పుడో, ఎవరో వాణ్ని గట్టిగా కట్టేసి ఉంచారు. తంగు బిగిసిన ప్రతిసారీ వాడికి ఆ తాడే గుర్తుకొచ్చేది.

అప్పటి నుంచి మేం తంగును రోజుకు ఒక్క రంధ్రం చొప్పున బిగించాం. కింద గొర్రె ఉన్ని ముక్క వేశాం. బిగించడం, పది అడుగులు నడిపించడం, మెడ నిమరడం, వదిలేయడం. మర్నాడు ఇంకో రంధ్రం. మూడు వారాలు పట్టింది. తర్వాత నన్ను బస్తాలాగా వాడి వీపు మీద అడ్డంగా, బోర్లా పడుకోమన్నాడు. అప్పుడు నా బరువు 46 కిలోలు. మొదటి రోజు కాసేపు అలా వేలాడి దిగిపోయాను. నా పొట్ట కింద వాడి గుండె కొట్టుకోవడం తెలిసింది. ఊరికే నిలబడిన గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది. వాడిది డప్పులా మోగుతోంది. పైన నాదీ అంతే. పది రోజుల తర్వాత కాలు అవతలికి వేసి కూర్చున్నాను. ముందు ఒక ముసలి గెల్డింగ్‌ను, అంటే విత్తులు తీసేసిన మగ గుర్రాన్ని, నడిపిస్తే, వాడి వెనక మేం కదం మీద, నెమ్మది నడకతో వెళ్లాం. కొత్త పిల్లలకు ఇలాంటి పెద్దన్న ఒకడు ముందుండాలి. ఆ ముసలివాడు బెదరని చోట ఇదీ బెదరదు.

నల్లోడు మూడు సీజన్లు పరుగెత్తాడు, రెండు రేసులు గెలిచాడు. అదేం పెద్ద లెక్క కాదు. ఆ మూడేళ్లలో ఒక్క మనిషికి కూడా వాడి వల్ల దెబ్బ తగల్లేదు. నాకు అది పెద్ద లెక్క.

సంపాదకులు గారూ, నేను చేతులారా దారికి తెచ్చిన గుర్రాలు వందకు తక్కువుండవు. ‘మొండిది’, ‘పొగరుది’ అని నా దగ్గరికి తెచ్చినవాటిలో ఒక్కదానిలోనూ నాకు పొగరు కనబడలేదు. ఒకదానికి లోపలి దవడ పన్ను చిగురును కోస్తోంది. ఒకదానికి జీను సరిపోక వీపు పుండు పడింది. ఒకదానికి ఎడమ కన్ను మసక, ఎవరూ గమనించలేదు. మిగతావన్నీ భయమే. మనిషికి భయం వేస్తే అరుస్తాడు, పక్కవాడికి చెబుతాడు. గుర్రానికి ఉన్నది కాళ్లు. పారిపోతుంది. పారిపోనివ్వకుండా పట్టుకుంటే తన్నుతుంది. దాని ఒళ్లు 450, 500 కిలోలు కాబట్టి మనకది బీభత్సంలా కనిపిస్తుంది.

గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ చూస్తుంది. నుదురుకు సరిగ్గా ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం మాత్రం కనబడదు. ఇప్పుడు మన బరాత్ తలుచుకోండి. కనబడని ఆ వెనక వైపే టపాకాయలు పేలుస్తాం. డీజే బండి కూడా చాలాసార్లు వెనకే వస్తుంది. ముందు నుంచి డ్రోన్ తలమీదికి దిగుతుంది. ఎప్పుడూ గుర్రం ఎక్కని పెళ్లికొడుకు నడుముకున్న కత్తి దాని డొక్కలో తగులుతూ ఉంటుంది. ఫొటో కోసం ముందుకాళ్లు పైకెత్తించమని సైసును అడుగుతారు. ఇన్ని జరిగినా గంటల తరబడి నిలబడిన ఆ జంతువు, ఒక్క నిమిషం భయపడితే దానికి పొగరు అంటున్నాం.

కోపంగా రాస్తున్నానని అనుకోకండి. కోపంతో ఒక జంతువుకు నేనే అన్యాయం చేశాను. అది కూడా రాయకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు.

1989లో నాకు ఒక చెస్ట్‌నట్ ఫిల్లీని, అంటే ఎర్రగోధుమ రంగు ఆడ గుర్రప్పిల్లను, ఇచ్చారు. అన్నీ బాగా నేర్చుకుంది, స్టార్టింగ్ గేటు లోపలికి మాత్రం వెళ్లేది కాదు. సన్నటి ఇనుప గది అది, వెనక తలుపు మూసేస్తారు. ఒకరోజు పొద్దున టైము మించిపోతోంది, ట్రైనర్ గారు వాచీ చూసుకుంటున్నారు, వెనక వేరే గుర్రాలు నిలబడి ఉన్నాయి. నాకు టెన్షన్ పెరిగిపోయింది. దిగి, దాని ఎదుట నిలబడి, ఛబుకుతో మొహం మీద కొట్టాను. మూడు దెబ్బలు. అది గేటులోకి వెళ్లింది. ఆ రోజు పని అయిపోయింది.

మర్నాటి నుంచి నేను బాక్సు తలుపు తీస్తే అది వెనక మూలకు వెళ్లి నిలబడేది. దాణా పెట్టినా నేనున్నంతసేపు తినేది కాదు. వేరేవాళ్లు వస్తే మామూలే. ఉస్తాద్‌కు తెలిసింది. తిట్టలేదు. “ఏ చేత్తో కొట్టావో ఆ చేత్తోనే తినిపించు, ఎక్కకు” అన్నాడు. నన్ను ఆ గుర్రం మీది నుంచి దింపేశారు. ఆరు నెలలు రోజూ రెండు పూటలా దానికి ఓట్స్ గింజలు, లూసర్న్ గడ్డి, తవుడు తీసుకెళ్లి పెట్టి, దూరంగా కూర్చుని వచ్చేవాణ్ని. ఆరు నెలల తర్వాత నా అరచేతిలోని బెల్లం ముక్క తీసుకుంది. నేను మళ్లీ దాన్ని ఎక్కలేదు. ఎక్కడానికి నాకు మొహం చెల్లలేదు.

మా అమ్మాయి టీచరు. ఈ సంగతి చెబితే, ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీవాళ్లు 2018లో చేసిన ఒక పరిశోధన గురించి ఫోన్లో చూసి చదివి వినిపించింది. గుర్రాలకు ఒక మనిషి ఫొటో చూపించారు. కొన్నిటికి కోపంగా ఉన్న మొహం, కొన్నిటికి నవ్వుతున్న మొహం. కొన్ని గంటల తర్వాత అదే మనిషి ఏ భావమూ లేకుండా వాటి ఎదుటికి వచ్చాడు. కోపం ఫొటో చూసిన గుర్రాలు అతన్ని ఎడమ కన్నుతో ఎక్కువగా చూశాయట. ప్రమాదం అనుకున్నదాన్ని అవి అలా చూస్తాయట. వట్టి ఫొటో చూస్తేనే అంత గుర్తుంటే, మొహం మీద మూడు దెబ్బలు ఎంత గుర్తుంటాయి? అమ్మాయి చదువుతుంటే నాకు ఆ ఫిల్లీ మూలకు వెళ్లి నిలబడటమే కళ్లముందు మెదిలింది.

ఇప్పుడు ఫోన్లలో వస్తున్న వీడియోలు చూస్తే అందుకే నాకు నిద్ర పట్టదు. ఎక్కనివ్వని గుర్రాన్ని లోతైన ఇసుకలోకి దింపి, నోట్లోంచి నురగ కారేదాకా పరుగెత్తిస్తారు. అది తల వంచేసి నిలబడగానే ఎక్కి కూర్చుని, చేయి పైకెత్తి ‘లొంగిపోయింది’ అంటారు. కింద వేలమంది చప్పట్లు. బాబూ, అది లొంగలేదు. అలసిపోయింది. రేపు ఒంట్లో బలం వచ్చాక మళ్లీ మొదటికే వస్తుంది, ఈసారి మనిషంటే ఇంకొంచెం ఎక్కువ భయంతో.

మా ట్రైనర్ గారు జాన్ రేరీ అనే అమెరికన్ కథ చెప్పేవారు. 1850ల చివర్లో ఆయన ఇంగ్లండ్ వెళ్లాడు. అక్కడ క్రూయిజర్ అనే మగ గుర్రం ఉండేది, దాని దగ్గరికి మనుషులు వెళ్లలేక ఇనుప మూతిబుట్ట తగిలించారు. రేరీ మూడు గంటలు దానితో గడిపి ఎక్కి కూర్చున్నాడు. విక్టోరియా రాణి ముందు కూడా తన విద్య చూపించాడు. క్రూయిజర్‌ను తనతోపాటు అమెరికా తీసుకెళ్లాడు. ఆయన కొట్టేవాడు కాదు. గుర్రం ముందుకాలు ఒకటి మడిచి పట్టీతో కట్టి, నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టి, ఒళ్లంతా నిమిరి, నీకేమీ కాదని దానికి తెలిసేలా చేసేవాడు. ఆ కాలానికి అది చాలా దయగల పద్ధతి. కానీ కాలు కట్టేస్తే పడుకున్న గుర్రానికి, నల్లోడిలా తనంతట తాను గడ్డి మీద పడుకున్న గుర్రానికి తేడా ఉంది. రెండూ చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

అంతకంటే ఎంతో ముందటిది అలెగ్జాండర్ కథ. ఎవరినీ దగ్గరికి రానివ్వని బ్యూసెఫాలస్ అనే గుర్రం తన నీడను చూసి తానే బెదురుతోందని ఆ పిల్లవాడు ఒక్కడే గమనించాడు. దాని తలను సూర్యుడి వైపు తిప్పాడు, నీడ వెనక పడింది, ఎక్కేశాడు. అదే గుర్రం చివరికి మన జీలం ఒడ్డున, క్రీ.పూ. 326లో చనిపోయింది. అందరూ ఈ కథను ధైర్యం కథగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో చూపు కనిపిస్తుంది. చుట్టూ నిలబడిన పెద్దవాళ్లంతా గుర్రం కాళ్లు చూస్తుంటే, పిల్లవాడు నేల మీద నీడ చూశాడు.

మన దగ్గర అలాంటి కథలు తక్కువ. మనుషులు లేక కాదు, రాసినవాళ్లు లేక. విజయనగరం రాజులు అరబ్బు గుర్రాల కోసం ఎంత ఖర్చు పెట్టారో పోర్చుగీసువాళ్లు రాసిపెట్టారు. సముద్రంలో చనిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా సాళువ నరసింహరాయలు బతికున్నదానికి ఇచ్చినంత సొమ్మూ ఇచ్చేవాడని న్యూనిజ్ రాశాడు. కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, సాము చేసి, గుర్రమెక్కి మైదానంలో పరుగెత్తించేవాడని పేస్ రాశాడు. వారాల తరబడి ఓడలో ఊగి, బెదిరి, ఎండిపోయి దిగిన ఆ గుర్రాల మీద మొదట కూర్చున్నది ఎవరు? రాయలవారు మాత్రం కాదు. ఎవరో ఒక రౌతు, మా ఉస్తాద్ లాంటివాడు, ఏ పుస్తకంలోనూ పేరు లేనివాడు. ‘రౌతు కొద్దీ గుర్రం’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. గుర్రం తప్పు చేస్తే ముందు దాని మీద ఉన్నవాణ్ని, దాన్ని నడిపినవాణ్ని చూడమని అర్థం.

ఇక మీ వార్తలోని గుర్రం సంగతి.

వార్త వచ్చిన మూడో రోజు నేను వాకబు చేసుకుంటూ పాతబస్తీలో ఆ గుర్రం ఉన్న సందుకు వెళ్లాను. రేకుల షెడ్డు, లోపల మూడు గుర్రాలు. మీరు రాసింది తెల్లది, పదేళ్లు ఉంటాయి. యజమాని నన్ను మొదట పోలీసు తాలూకు మనిషి అనుకున్నాడు. మలక్‌పేట పేరు చెప్పాక కుర్చీ వేశాడు. గుర్రం దగ్గరికి వెళ్లి, పెదవి మూల వేలు పెట్టి నోరు తెరిచాను. గుర్రం నోట్లో ముందు పళ్లకు, దవడ పళ్లకు మధ్య పళ్లు లేని ఖాళీ చిగురు ఉంటుంది. కళ్లెంలోని బిట్టు, అంటే నోట్లో ఉండే ఇనుప కడ్డీ, అక్కడే ఆనుతుంది. ఆ చిగురు రెండు వైపులా తెగి ఉంది. నాలుక మీద పాత కోతలు మానిన గీతలు, వాటి మీద కొత్త కోత. కళ్లెం చూపించమన్నాను. బిట్టుకు లోపలివైపు ఇనుప ముళ్లున్నాయి. కాంటా బిట్టు. సైసు లగాం కొంచెం లాగితే చాలు, ఆ ముళ్లు చిగురులో దిగుతాయి. అందుకే గుర్రం మెడ వంచి నాట్యం చేస్తున్నట్టు కనిపిస్తుంది. మనం దాన్ని చూసి మురిసిపోయి సెల్ఫీ తీసుకుంటాం.

ఆ రాత్రి వెనక టపాకాయల సరం పేలింది. గుర్రం ముందుకు ఉరికింది. కుర్రాడు భయపడి లగాం పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. ముళ్లు దిగాయి. నొప్పిని తప్పించుకోవడానికి అది ముందుకాళ్లు లేపింది. మీ హెడ్డింగ్‌లో పొగరుగా అచ్చయింది ఇదే.

ముళ్ల బిట్టు వాడకూడదని చట్టం ఎప్పుడో చెప్పింది. జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద, లాగుడు పశువులు, మోత పశువుల కోసం 1965లో చేసిన నియమాల్లో ముళ్లున్న బిట్టు, ముళ్లున్న కర్ర, గాయం చేసే పదునైన సరంజామా ఏదీ వాడరాదని స్పష్టంగా ఉంది. అది వచ్చి అరవై ఏళ్లు. ఈ బిట్లు ఇంకా మన చుట్టూనే ఉన్నాయి.

యజమానిని నిలదీశాను. ఆయన తప్పించుకోలేదు. “సాబ్, డీజే ముందు మామూలు కళ్లెంతో ఇది ఆగదు. ఆగకపోతే మళ్లీ ఎవరూ పిలవరు. పెళ్లిళ్ల నాలుగు నెలలు సంపాదిస్తేనే మిగతా ఎనిమిది నెలలు వీటికి గడ్డి” అన్నాడు. ఆయన్ని దుర్మార్గుడని రాయలేను. ఆ షెడ్డులో నీళ్ల తొట్టి శుభ్రంగా ఉంది, గిట్టలకు లాడాలు కొత్తవి. ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే, ఆయన తండ్రి నేర్పింది.

దెబ్బలు తిన్న సైసు కుర్రాడు షెడ్డు మూలన కూర్చుని ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు. పెదవి చిట్లి కుట్లు పడ్డాయి. జనం కొడుతుంటే కూడా తాడు వదల్లేదట. వదిలితే గుర్రం బస్సు కింద పడుతుందని. ఈ సంగతి మీ పది లైన్లలో లేదు.

నేను అప్పటి నుంచి రోజూ పొద్దున వెళ్తున్నాను. ముందు ఆ బిట్టు తీసేసి నా సంచిలో పెట్టుకున్నాను. పది రోజులు నోట్లో ఇనుము లేదు, మొహానికి కట్టే తాడు మాత్రమే. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో నోరు కడిగాం. పశువుల డాక్టరు గారు వచ్చి చూసి మందు రాశారు, పన్ను ఒకటి అరగదీశారు. తవుడు, నానబెట్టిన ఉలవలు మెత్తగా చేసి పెట్టాం. చిగురు మానాక ముళ్లు లేని మామూలు బిట్టు, నునుపుది, చేత్తో వేడిచేసి, కొంచెం బెల్లం రాసి నోటి దగ్గర పెట్టాం. మొదట తల పైకెత్తేసింది. నాలుగో రోజు తనే నోరు తెరిచింది. కుర్రాడు నా వైపు చూసి, “చాచా, తీసుకుంది” అన్నాడు, ఉస్తాద్ ముందు నేను ఒకప్పుడు నిలబడినట్టే నిలబడి.

చప్పుడు సంగతి ఇంకా తేలలేదు. దాణా వేళ ఫోన్లో డప్పు పాట తక్కువ సౌండుతో పెడుతున్నాం. రెండు సందుల అవతల మర్ఫా వాయించే పిల్లలున్నారు, వాళ్లు అక్కడ వాయిస్తుంటే ఇక్కడ ఇది గడ్డి తింటోంది. ఒక్కో వారం కొంచెం దగ్గరికి రమ్మంటున్నాం. డప్పుకు అలవాటు పడుతుందని నా నమ్మకం. టపాకాయకు మాత్రం పడదు. దూరంగా ఒక్కటి పేలినా ఒళ్లంతా వణుకు వస్తోంది. యజమానికి ఈ మాట దాచకుండా చెప్పాను. ఆయన ఇప్పుడు బుకింగ్‌కు వచ్చినవాళ్లతో, గుర్రం దగ్గర టపాకాయలు వద్దు అంటున్నాడు. అలా అన్నందుకు ఇప్పటికే రెండు పెళ్లిళ్లు పోయాయి.

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఈ ఉత్తరం చదివితే వాళ్లకు నా మనవి. గుర్రం కావాలంటే మాట్లాడుకోండి, నేను వద్దనను. ఆ పని లేకపోతే ఆ జంతువుకు తిండి ఎవరు పెడతారు? కానీ డబ్బులు ఇచ్చేముందు కళ్లెం తీయించి బిట్టు చేత్తో తడిమి చూడండి. ముళ్లు తగిలితే ఆ గుర్రం వద్దనండి. టపాకాయలు గుర్రం దిగాక కాల్చుకోండి. డీజే బండిని దూరంగా ఉంచండి. కాళ్లు పైకెత్తించమని అడగకండి. పశుసంవర్ధక శాఖవాళ్లు, పోలీసులు పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేముందు ఒక్కసారి ఈ షెడ్లకు వెళ్లి నోళ్లు తెరిచి చూస్తే చాలు. కేసులకంటే ముందు మంచి బిట్టు ఒకటి చేతిలో పెట్టి, ఎలా వాడాలో చూపించే మనిషి ఉండాలి. ఆ పనికి నన్ను పిలిస్తే జీతం అడగకుండా వస్తాను. నాలాంటి పాత రైడింగ్ బాయ్‌లు మలక్‌పేట చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, వాళ్లూ వస్తారు.

మీకు నా మనవి. ఆ వార్త రాసిన విలేకరి గారిని ఒకరోజు పొద్దున అయిదున్నరకు ఆ షెడ్డుకు పంపండి. నేనూ, ఆ కుర్రాడూ అక్కడే ఉంటాం. వచ్చేటప్పుడు వెనక నుంచి రావద్దని చెప్పండి. ఎడమ పక్క నుంచి, భుజం వైపుగా, నెమ్మదిగా మాట్లాడుతూ రమ్మనండి. ముందు చెవులు చూడమనండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ రైడింగ్ బాయ్
మలక్‌పేట, హైదరాబాద్